మిషిన్లు తొమ్మిది రోజుల్ల పోయినయ్, గల్లీ మాత్రం పోలే: బాలానగర్ నుంచి మడికొండకి ఒక షిఫ్టింగ్ కేస్

నేను చేసే పని చిన్న ఫ్యాక్టరీలకి లేఅవుట్ వేయడం, షిఫ్టింగ్ చేయించడం. మిషిన్ ఫౌండేషన్లు, కరెంటు లోడు లెక్కలు, పొల్యూషన్ బోర్డు కన్సెంట్ పేపర్లు అన్నీ కలిపి ఒక ప్యాకేజీ లెక్క తీసుకుంట. పదహారేండ్లల ముప్పై దాక షెడ్లు మార్పించిన, ఎక్కువ శాతం జీడిమెట్ల నుంచి మేడ్చల్ దిక్కు, కాటేదాన్ నుంచి షాద్‌నగర్ దిక్కు, అంటే సిటీ అంచుకే. ఈ ఒక్క కేస్ మాత్రం హైదరాబాద్ సిటీని మొత్తం ఇడిసిపెట్టి దగ్గర దగ్గర 140 కిలోమీటర్లు, వరంగల్ పక్కనున్న మడికొండ దాక పోయింది. ఈ మధ్య ఎవల నోట విన్నా హైదరాబాద్ మీద భారం తగ్గాలె, ఇండస్ట్రీ జిల్లాలకి పోవాలె అన్న మాటే, కానీ పోయినోళ్లకి ఏమైందో ఎవరూ చెప్తలేరు, అందుకే రాస్తున్న. ఓనర్‌ని అడిగే రాస్తున్న, పేరు మాత్రం వద్దన్నడు.

యూనిట్ చిన్నదే. బాలానగర్‌ల ఒక గల్లీల రెంట్ షెడ్డు, 38 మంది. 4 వీఎంసీలు (కంప్యూటర్‌తోని నడిచే మిల్లింగ్ మిషిన్లు), 5 సీఎన్సీ టర్నింగ్ మిషిన్లు (కంప్యూటర్‌తోని నడిచే లేత్‌లు), రెండు పాత లేత్‌లు, ఒక సర్ఫేస్ గ్రైండర్, వెనక రేకుల కింద వెల్డింగ్, ఫ్యాబ్రికేషన్, పక్కన చిన్న అసెంబ్లీ. రామచంద్రాపురం దిక్కు, చర్లపల్లి దిక్కు ఉన్న పెద్ద కంపెనీలకి జాబ్ వర్క్, అంటే వాళ్ల డ్రాయింగ్ ప్రకారం పార్టులు చేసిచ్చుడు. బాలానగర్ గురించి తెల్వనోళ్లకి ఒక్క మాట: 60లల మందుల కంపెనీ ఐడీపీఎల్ వచ్చింది, విమానాల కంపెనీ హెచ్ఏఎల్ వచ్చింది, 1968ల సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వచ్చింది, వాటి చుట్టూ గల్లీ గల్లీకి లేత్ మిషిన్లు మొలిచినయ్. ఎవరూ కూర్చొని ప్లాన్ వేయలే. పెద్ద ఫ్యాక్టరీల పని నేర్చుకున్నోడు బయటికొచ్చి షెడ్డు పెట్టిండు, ఆయన దగ్గర నేర్చుకున్నోడు పక్కన ఇంకోటి పెట్టిండు, అట్ల అయింది అది.

పోవాలె అన్న ఆలోచన పాలసీ చూసి రాలే, నిజం చెప్పాలంటే షెడ్డు ఓనర్ వల్ల వచ్చింది. మెట్రో వచ్చింది, 2021 జులైల బాలానగర్ ఫ్లైఓవర్ ఓపెన్ అయింది, షెడ్డాయనకి కమర్షియల్ కాంప్లెక్స్ మీద మనసు పడింది. 2022ల రెంట్ ఎంత పెంచమన్నడంటే మా ఓనర్ నాకు ఫోన్ చేసి "ఇగ ఈ సిటీల మిషిన్ పెట్టుకునే రోజులు పోయినయ్ తమ్మీ" అన్నడు. ఆయనది స్టేషన్ ఘన్‌పూర్ దిక్కు ఊరు. మడికొండ ఇండస్ట్రియల్ ఏరియాల ఎవరిదో మూతపడ్డ షెడ్డు అమ్మకానికి ఉందని తెలిసింది. కాజీపేట జంక్షన్ పక్కనే, హైవే పక్కనే, ఐటీఐ పిల్లలు దొరుకుతరు, ఆయన ఊరు దగ్గర. కాగితం మీద ఇంతకంటే మంచి కేస్ ఉండదు, నేనే ఉత్సాహంగ రిపోర్టు రాసిచ్చిన. ఆ రిపోర్టు ఇప్పుడు తీసి చదివితే సిగ్గైతది.

షిఫ్టింగ్ మాత్రం మస్తుగ జరిగింది, అది మనకి వచ్చిన విద్యే కదా. రాష్ట్రం సింగిల్ విండో పర్మిషన్ల సిస్టమ్ టీఎస్-ఐపాస్‌ల అప్లై చేస్తే పేపర్లు ఇబ్బంది లేకుంట వచ్చినయ్. ఫౌండేషన్లు రెండు నెలల ముందే పోసి క్యూరింగ్ చేయించినం. 2023 దసరా సెలవుల్ల రెండు హైడ్రా క్రేన్లు, లో-బెడ్ ట్రైలర్లు పెట్టి, స్పిండిల్స్ లాక్ చేసి, కూలెంట్ తీసేసి, తొమ్మిది రోజుల్ల అన్ని మిషిన్లు దింపి లెవెల్ చేసి గ్రౌటింగ్ చేసినం. పదో రోజు మొదటి పీస్ కట్ అయింది, కొలతలు మైక్రాన్ల లెక్క కరెక్ట్. కొబ్బరికాయ కొట్టినం, ఫొటోలు దిగినం. కరెంటు గురించి నాకు మస్తు భయముండె, 2012-13ల పవర్ హాలిడేలు చూసినోళ్లం కదా, కానీ అది అసలు సమస్యే కాలే.

సమస్య మూడో వారంల కనపడ్డది. ఎంఎస్ స్టడ్లు (తల లేని స్టీలు బోల్టులు) 400, జింక్ ప్లేటింగ్, అంటే తుప్పు పట్టకుంట జింక్ పూత, చేయించుకొని వచ్చినయ్. థ్రెడ్ మీద ప్లేటింగ్ మందం ఎక్కువ పడ్డది, థ్రెడ్ సైజు చూసే గో గేజ్ ఎక్కుతలేదు. బాలానగర్‌ల ఇది అసలు సమస్యే కాదు, సంచిల ఏసుకొని బైక్ మీద పోతే ప్లేటింగాయన రెండు తిట్లు తిట్టి, స్ట్రిప్ చేసి, మళ్ల ముంచి సాయంత్రానికి ఇస్తడు. ఇక్కడేమో ఆ రోజు బుధవారం, మన ట్రాలీ మళ్ల హైదరాబాద్ పోయేది శనివారం, ఆదివారం ప్లేటింగ్ బంద్, మాల్ తిరిగి చేతికొచ్చేసరికి మళ్ల బుధవారం. ఈ లోపు కస్టమర్ లైన్ ఆగింది. వాళ్లు తిట్టలేదు కూడా, ఆ ఐటమ్‌ని సైలెంట్‌గ గాంధీనగర్‌ల ఇంకో వెండర్‌కి ఇచ్చేసిండ్రు. తిడితేనే నయముండె.

అట్లాంటివి రెండు మూడైనంక నాకు డౌటొచ్చి పాత గేట్ రిజిస్టర్ అడిగిన. సూపర్‌వైజర్ అట్టపెట్టెల నుంచి తీసిచ్చిండు. బాలానగర్ షెడ్డు నుంచి ఎవరు బయటికి పోయినా, ఎందుకు పోయినా అందుల ఎక్కించేవాళ్లు, నేను జాబ్ వర్క్ చలాన్లు పక్కన పెట్టుకొని 24 పని దినాల లెక్క తీసిన. మొత్తం 312 సార్లు బయటికి పోయిండ్రు, అంటే రోజుకి 13. ప్లేటింగ్, బ్లాకెనింగ్‌కి 71, హీట్ ట్రీట్‌మెంట్‌కి (స్టీలు గట్టిపడేటట్టు కాల్చుడు) 38, వైర్‌కట్ (కరెంటు తీగతోని స్టీలు కోసుడు), టూల్ రీగ్రైండింగ్‌కి 64, ఇన్సర్ట్‌లు (మిషిన్‌ల కోసే ముక్కలు), బోల్టులు, బేరింగుల కోసం షాపులకి 97, కస్టమర్ దగ్గరికి డెలివరీ, ఇన్‌స్పెక్షన్‌కి 42. సికింద్రాబాద్ రాణిగంజ్ షాపులు, కస్టమర్లు పక్కన పెడితే మిగతాదంతా దాదాపు మూడు కిలోమీటర్ల లోపలే. ఆ గల్లీలు మా షాప్ ఫ్లోర్‌ల భాగమే అని అప్పుడు అర్థమైంది. నేను షెడ్డు లోపలి లేఅవుట్ ఇంచు ఇంచు కొలిచిన గానీ షెడ్డు బయటి లేఅవుట్‌ని లెక్కనే చేయలే. ఈ రిజిస్టర్ షిఫ్టింగ్ ముందు చూడాల్సింది, చూడలే, తప్పు నాదే. ఓనర్‌కి కూడ అదే చెప్పిన, "నువ్వొక్కడివే కాదులే, నేను ఇరవై ఏండ్ల సంది ఆ గల్లీల ఉండి కూడ సూడలే" అన్నడు.

రోజుకి 13 ట్రిప్పుల్ని వారానికి రెండు ట్రిప్పులకి కుదించినం. ట్రాలీ పొద్దున నాలుగింటికి బయలుదేరి కోమళ్ల టోల్, బీబీనగర్ టోల్ దాటి బాలానగర్ చేరి, నాలుగు చోట్ల మాల్ దింపి, పోయినసారి దింపింది ఎత్తుకొని రాత్రికి వచ్చేది. రెంట్‌ల నెలకి లక్షా నలభై వేలు మిగిలినయ్, ట్రాలీ, డ్రైవర్, డీజిల్, టోల్ కలిపి అరవై వేల చిల్లర. అంటే లాభమే కదా అనుకుంటం, నేనూ రిపోర్టుల అదే రాసిన. కానీ నాలుగు రోజుల పని పదకొండు రోజులైతే ఏమైతదంటే, సగం అయిన మాల్ ఎక్కడ చూసినా ట్రేలల్ల కూర్చుంటది, ఆ స్టీలు పైసలు ఇరుక్కపోతయ్, బిల్లు లేటు, పేమెంటు లేటు, బ్యాంకుల ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) లిమిట్ నిండిపోతది. నెలల మూడుసార్లు జీతాల కోసం ఫోన్లు తిప్పిండు మా ఓనర్. రెంట్ ఖర్చు కంటికి కనపడ్డది, ఈ ఖర్చు ట్రేలల్ల దాక్కుంది.

అయితే ప్లేటింగ్ మనమే పెట్టుకుందాం అన్నడు, చిన్న ట్యాంకులు నాలుగు, ఎంతైతది అని. ఇక్కడ అసలు తిరకాసు ఉంది. ఎలక్ట్రోప్లేటింగ్ పొల్యూషన్ బోర్డు లెక్కల రెడ్ కేటగిరీ, అంటే ఎక్కువ కాలుష్యం చేసే లిస్టు. కొత్తగ పెట్టాలంటే కన్సెంట్, ఎఫ్లుయెంట్ (మురికి నీళ్ల) ట్రీట్‌మెంట్, కెమిస్టు, ఇవన్నీ మనలాంటోని నెలకి నాలుగు క్వింటాళ్ల మాల్ కోసం కిట్టవు. పైగ ట్రీట్‌మెంట్‌ల మిగిలే బురదని ప్రమాదకర వ్యర్థాల సైట్‌కి పంపాలె, ఆ సైట్ దుండిగల్‌ల ఉంది. అంటే మాల్ బాలానగర్ పోకుండ ఆపడానికి ట్యాంక్ పెడితే, ఆ ట్యాంక్ బురద మళ్ల బాలానగర్ పక్కకే పోవాలె! ఓనర్ అది విని నవ్విండు, ఆ నెలల నవ్వింది ఆ ఒక్కసారే అనుకుంట.

సిటీల ప్లేటింగ్ వద్దంటరు, కరెక్టే, ఆ నీళ్లు తాగేది మనమే. జిల్లాల కూడ వద్దంటరు, అది ఇంకా కరెక్టు. పటాన్‌చెరు, బొల్లారం కంపెనీల నీళ్లు నక్కవాగు మీదుగ మంజీరల కలిసి చుట్టుపక్కల ఊర్ల పొలాలు, బోర్లు ఏమైనయో చూసినోళ్లు ఎవరూ మా ఊర్ల పెట్టండి అనరు. కానీ ప్లేటింగ్, హీట్ ట్రీట్‌మెంట్ లేకుంట ఇంజినీరింగ్ యూనిట్ ఒక్క అడుగు ముందుకెయ్యదు, సొట్ట బోల్టు కూడ అమ్మలేడు. డీసెంట్రలైజేషన్, అంటే ఇండస్ట్రీని జిల్లాలకి పంచుడు, అని మాట్లాడేటోళ్లు ఎవరూ ఈ మురికి పని ఎక్కడ పెట్టాలో చెప్పరు.

అసలు పటాన్‌చెరు కూడ డీసెంట్రలైజేషన్ పేరు మీద పుట్టిందే కదా. అప్పట్ల అది మెదక్ జిల్లా, కొత్తూరు మహబూబ్‌నగర్ జిల్లా. వెనకబడిన జిల్లాకి పోతే సబ్సిడీ, ట్యాక్స్ రాయితీ అన్నరు. కంపెనీలు పోయినయ్, ఎక్కడికి? జిల్లా హద్దు దాటి మొదటి కిలోమీటర్ల ఆగినయ్, హైదరాబాద్‌ల ఇల్లు, పక్క జిల్లాల సబ్సిడీ. కొత్తూరుల రాయితీ అయిపోయినంక మూతపడ్డ షెడ్లు నేను చానా చూసిన, రెండిట్ల నుంచి మిషిన్లు నేనే ఎత్తిన. ఢిల్లీ పాలసీలు కూడ అంతే. 1977 ఇండస్ట్రియల్ పాలసీల పది లక్షల జనాభా దాటిన సిటీలల్ల కొత్త లైసెన్సులు ఇయ్యం అన్నరు, 1991ల లైసెన్సులు ఎత్తేసినా పెద్ద సిటీలకి 25 కిలోమీటర్ల అవతల పెట్టుకోమన్నరు. గీత ఎక్కడ గీస్తే ఆ గీతకి అవతలి అంచుమీదనే షెడ్డు లేస్తది. సిటీ నాలుగేండ్లల పాక్కుంటొచ్చి ఆ షెడ్డుని మింగుతది. ఇప్పుడు ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు), రేపు ట్రిపుల్ ఆర్ (రీజినల్ రింగ్ రోడ్డు).

నిజంగ సిటీకి దూరంగ పెట్టి నడిచినవి లేవా అంటే ఉండె, నిజాం కాలంల. బోధన్‌ల చక్కెర ఫ్యాక్టరీ, సిర్పూర్ కాగజ్‌నగర్‌ల పేపర్ మిల్లు, వరంగల్‌ల 1934 నాటి ఆజంజాహి మిల్లు. అక్కడెందుకు పెట్టిండ్రంటే చెరకు అక్కడుంది, వెదురు అక్కడుంది, పత్తి అక్కడుంది. మా ఓనర్ మేనమామ ఆజంజాహి మిల్లుల పనిచేసిండంట, మూడు షిఫ్టుల సైరన్లకి టైం చూసుకునేవాళ్లంట జనం. 2002ల మూతపడ్డది, ఆ జాగల తర్వాత ప్లాట్లు చేసిండ్రు. మా యూనిట్‌కి చెరకు లాంటిది ఏది అంటే పక్క షాపే. స్టీలు ఎక్కడైనా దొరుకుతది, పక్క షాపు దొరకదు. ఇది తెల్వకుంట ఎన్ని ఎకరాలు ఇచ్చినా లాభం లేదు.

ఇగ మనుషుల సంగతి. ఈ కేస్‌ల నేను ఎక్కువ నేర్చుకున్నది ఇక్కడనే.

38 మందిల 14 మంది పాత వరంగల్ జిల్లావాళ్లే, జనగామ, పరకాల, నర్సంపేట దిక్కు. వీళ్లు ఎగిరి గంతేసి వస్తరు, సొంతూరు పక్కన పని, అంతకంటే ఏం కావాలె అనుకున్నం. 14 మందిల ముగ్గురే వచ్చిండ్రు. ఎందుకు రారని ఒక టర్నర్‌ని అడిగితే "సార్, మా ఊరు గక్కడనే గానీ మా ఇల్లు జగద్గిరిగుట్టల ఉంది" అన్నడు. భార్య జీడిమెట్లల ప్యాకింగ్‌కి పోతది, బిడ్డ ఇంటర్ చదువుతుంది, చిట్టీ ఇంకా పదకొండు నెలలుంది, ఊర్ల ఉన్న ఎకరం ముగ్గురన్నదమ్ములకి పంచుకుంటే మిగిలింది పదమూడు గుంటలు. ఆయనొక్కడి జీతం కోసం నాలుగు జీవితాలు కదలాలె, ఎట్ల కదులుతయ్? రానోళ్లందరు ఏమైండ్రంటే వారం తిరగకముందే అదే గల్లీల వేరే షెడ్లల్ల చేరిపోయిండ్రు, ఒకాయన అయితే ఎదురుంగ షెడ్డుకే, రోడ్డు దాటిండు గంతే.

మరి వచ్చింది ఎవరంటే మిగతా 24 మందిల 11 మంది, బీహార్, ఒడిశా, శ్రీకాకుళం పిల్లలు. "రూమ్ ఎక్కడైతేంది సార్" అన్నరు. ఆ ఊరి మనిషి రానన్నడు, వెయ్యి కిలోమీటర్ల అవతలోడు పెట్టె సర్దుకొని ట్రైలర్ ఎక్కిండు. నా రిపోర్టుల "స్థానిక కార్మికులు తిరిగి వచ్చే అవకాశం" అని ఒక హెడ్డింగ్ కూడ ఉండె.

కానీ కథ అక్కడ ఆగలే. ఖాళీలు నింపడానికి మడికొండల, కాజీపేటల మనుషుల్ని తీసుకున్నం, ఐటీఐ ఫిట్టర్లు, టర్నర్లు, డిప్లొమా పిల్లలు, మొత్తం 22 మంది. మొదటి ఆర్నెల్లు నరకమే, ఇన్సర్ట్‌లు చిప్స్ తిన్నట్టు తిన్నరు, ఒక వీఎంసీ స్పిండిల్ గుద్దిండు ఒక బాబు. ఏడాదిన్నర తర్వాత చూస్తే అందుల 17 మంది ఉన్నరు. వాళ్లతోని ఛాయ్ తాగుతూ ఇక్కడ పని దొరక్కపోతే ఏం చేసేటోళ్లురా అంటే, తొమ్మిది మంది హైదరాబాద్ పోయేటోళ్లమే అన్నరు, ఇద్దరికి కూకట్‌పల్లిల హాస్టల్ కూడ మాట్లాడుకునే ఉండె. అందులనే ఆరుగురు ఆడపిల్లలు, అసెంబ్లీ, ఇన్‌స్పెక్షన్‌ల. ధర్మసాగర్ దిక్కు నుంచి స్కూటీల మీద వస్తరు, సాయంత్రం ఆరింటికి ఇంట్ల ఉంటరు. బాలానగర్ షెడ్డుల ఇరవై ఏండ్లల ఒక్క ఆడమనిషి మిషిన్ దగ్గర పనిచేయలే, వాళ్లని ఇంట్లోళ్లు హైదరాబాద్ పంపేటోళ్లు కూడ కాదు. మైక్రోమీటర్ పట్టడంల మా పాత ఇన్‌స్పెక్టర్ కంటే నయం, ఇది ఆయన ముంగటనే అన్న, ఒప్పుకున్నడు.

అంటే నాకు అర్థమైంది ఇది. సిటీకి పోయినోడు మళ్ల రాడు, పోబోయేటోడు ఆగుతడు. జనాన్ని వెనక్కి పంపుతం అని లెక్కలేసుకుంటే ప్రతి స్కీము ఫెయిలే. వచ్చే ఏడాది బస్సెక్కేటోళ్లు ఎంతమంది ఆగిండ్రు అని లెక్కేస్తే సీన్ వేరే ఉంటది. 2011 లెక్కల హైదరాబాద్ చుట్టుపక్కలతో కలిపి 77 లక్షలు, తర్వాత పెద్దదైన వరంగల్ ఎనిమిది లక్షల లోపే, అంటే పది వంతుల తేడా, మధ్యల ఏమీ లేదు. కరీంనగర్, ఖమ్మం, నిజామాబాద్‌ల ఐటీ టవర్లు కట్టిండ్రు, గీసుగొండల టెక్స్‌టైల్ పార్క్ వచ్చింది, సూరత్, భివండి పోయిన నేతన్నలు తిరిగొస్తరని ఆశ చెప్పిండ్రు. ఆ నేతన్నల పిల్లలు సూరత్ బండి ఎక్కకపోతే చాలు అని నేను అంట.

చివరికి మేం చేసింది ఏందంటే యూనిట్‌ని రెండు ముక్కలు చేసినం. గేట్ రిజిస్టర్ ముంగట పెట్టుకొని ఒక్కో ఐటమ్ ఎన్నిసార్లు బయటికి పోతదో రాసినం. రెండుసార్ల కంటే ఎక్కువ పోయేవి, అర్జెంటువి, చిన్న బ్యాచ్‌లవి అన్నీ బాలానగర్‌కే వాపస్. పాత గల్లీ కాదు, దాని వెనక గల్లీల చిన్న షెడ్డు, రెండు వీఎంసీలు, మూడు సీఎన్సీలు, 13 మంది. అందుల తొమ్మిది మంది పాతోళ్లే, ఫోన్ చేస్తే వచ్చిండ్రు. ఫ్యాబ్రికేషన్, అసెంబ్లీ, నెలకి ఒకే డ్రాయింగ్ వేలల్ల నడిచే ఐటమ్స్ మడికొండల, 24 మంది. ట్రాలీ వారానికి రెండుసార్లే, కానీ ఇప్పుడు టైంకి పోతది టైంకి వస్తది, ఎవరూ గడియారం చూస్త కూర్చోరు. ఓడీ లిమిట్ ఊపిరి పీల్చుకుంది. మొత్తం మీద లాభమా నష్టమా అంటే, మొదటి ఏడాది పోగొట్టుకున్న కస్టమర్ ఒకరు ఇప్పటికీ తిరిగి రాలే.

నా తోటి కన్సల్టెంట్లల్ల కొందరు ఈ కేస్ చెప్తే "చూసినవా, క్లస్టర్‌ని కదిలించొద్దు, సిటీ పెరిగితే పెరగనీ" అంటరు. సగం ఒప్పుకుంట. కానీ ఆ 17 మందిని చూసినంక మిగతా సగం ఒప్పుకోలేను. కావల్సింది ప్లాట్లు కాదు ముందు, ఒక కామన్ షెడ్డు: హీట్ ట్రీట్‌మెంట్, ఎఫ్లుయెంట్ ప్లాంట్‌తో సహా ప్లేటింగ్, వైర్‌కట్, టూల్ రీగ్రైండింగ్. చిన్న యూనిట్లు గుంపుగ అడిగితే కేంద్రం ఎంఎస్ఎంఈ క్లస్టర్ స్కీమ్‌ల కామన్ ఫెసిలిటీ సెంటర్‌కి గ్రాంట్ ఉంది, కొత్తగ కనిపెట్టేది ఏం లేదు. అది నడిచినంక ప్లాట్లు ఇయ్యండి. ఇప్పుడు జరిగేది ఉల్టా, ముందు ఎకరాలు, తర్వాత రోడ్డు, తర్వాత ఫొటో.

ఇది ఇప్పుడు రాయడానికి ఇంకో కారణం, 2025 నవంబర్‌ల వచ్చిన రాష్ట్ర సర్కార్ హిల్ట్ పాలసీ. పాత ఇండస్ట్రియల్ ఎస్టేట్లల్ల 9,292 ఎకరాల దాక అపార్ట్‌మెంట్లకి, ఆఫీసులకి మార్చుకోవచ్చు అంటుండ్రు, బాలానగర్, జీడిమెట్ల, సనత్‌నగర్ అన్నీ అందులనే. భూమి రేటు మీద, ఎవరికి లాభం అన్న దాని మీద పెద్ద రాజకీయమే నడుస్తుంది, దాంట్లకి నేను పోను. నా భయం చిన్నది. ప్లాటు ఓనర్‌కి పైసలొస్తయ్, పోతడు. రెంట్‌కి ఉన్న ప్లేటింగాయన, వైర్‌కట్ ఆయన, మూల మీద టూల్ రుబ్బేటాయన ఎక్కడికి పోతరు? వాళ్లు తలా ఒక దిక్కు పోతే మిగిలిన వంద షెడ్లు షిఫ్ట్ కాకుండనే మా మడికొండ లెక్క అయితయ్, ఉన్నచోటనే.

పోయిన వారం జీడిమెట్ల నుంచి ఒకాయన ఫోన్ చేసిండు, 50 మంది యూనిట్, సిద్దిపేట దిక్కు జాగ చూసిండంట, షిఫ్టింగ్‌కి కొటేషన్ ఇయ్యమన్నడు. గేట్ రిజిస్టర్ ఉందా అన్నా అని అడిగిన. అదెందుకు, మేం పెట్టం అన్నడు. అయితే రేపటి నుంచి నెల రోజులు ఎవరు బయటికి పోయినా రాయించు, కొటేషన్ తర్వాత మాట్లాడుకుందాం అన్న. ఆయనకి నచ్చినట్టు లేదు, ఇంకా ఫోన్ రాలే.